పొగమంచు - ప్రయాణికుని హక్కు

శీతకాలపు తెల్లవారుజామున ఢిల్లీ విమానాశ్రయాన్ని పొగమంచు కమ్మితే, దాని ఫలితం ఢిల్లీతో ఆగదు. ఒకే విమానం దినమంతా పలు నగరాలకు తిరుగుతుంది గనుక, ఉదయపు ఆలస్యం సాయంకాలానికి శంషాబాదును చేరుతుంది.

మంచు మానవుని నేరం కాదు. కావుననే వాతావరణం వల్ల కలిగే ఆలస్యానికి మన నిబంధనలు విమాన సంస్థలను నష్టపరిహారం నుండి మినహాయించాయి. ఇది న్యాయమే. అయితే పరిహారం వేరు, ఆదరణ వేరు. ఐరోపా వారి 2004 నాటి 261వ శాసనం దూరాన్నిబట్టి 250 మొదలు 600 యూరోల పరిహారం విధించింది. అసాధారణ పరిస్థితులలో ఆ సొమ్మును మినహాయించినా, భోజనమూ, రాత్రి బసా కల్పించే బాధ్యతను మాత్రం మినహాయించలేదు. మనం కోరవలసినదీ ఈ వివేకమే.

హైదరాబాదు నుండి ఢిల్లీ మీదుగా గల్ఫు దేశాలకు పోయే శ్రామికుని సంగతి చూడండి. ప్రయాణమంతటికీ ఒకే టికెట్టు ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పినా, గమ్యం చేర్చే భారం సంస్థదే. వేర్వేరు టికెట్లైతే ఆ నష్టం సాధారణంగా అతనిదే. అప్పు చేసి కొన్న టికెట్టు వ్యర్థమవుతుంది. ఈ భేదాన్ని అమ్మేవారే తెలుగులోనో, ఉర్దూలోనో విధిగా తెలియజేయాలని శాసించాలి.

విద్యార్థులారా! అంతవరకు మీ ఇంటినుండి ఎవరు ప్రయాణమైనా, ఆ టికెట్టును ముందుగా మీరు చదివి చెప్పండి. చదువుకు అంతకంటె మంచి వినియోగం ఏముంది?