ఇద్దరు తెలుగువారి నడుమ దుబాసి

చేయవలసిన పనుల పట్టికను ఫోనులో వ్రాసికొనుట నేడు నగరములలో సర్వసాధారణమైనది. ఆ పట్టికలో నొక పంక్తి చేరిన తక్షణమే దానిని అనువాద యంత్రమునకు అందించి, వేరొక భాషలోనికి మార్పించి, వేరొకరి పట్టికలో నిలుపునట్టి లంకెను, కోడు ఒక్క పంక్తియైనను వ్రాయకయే, ఎవరైనను ఒక పూటలో అమర్చుకొనవచ్చును. ప్రోగ్రామరును బ్రతిమాలుకొన నక్కరలేకుండ సామాన్యుడు తన పనిముట్టును తానే కూర్చుకొనగలుగుట గొప్ప విషయమనుటలో నాకు సందేహము లేదు. కాని ఈ వారము ఆ సౌకర్యమును మా నివాస సముదాయములో వినియోగించుచున్న తీరు చూచినప్పుడు కలిగిన ఖేదమును పాఠకులతో పంచుకొనక ఉండలేకున్నాను.

హైదరాబాదులో మేముండు సముదాయపు నిర్వహణను ఒక ప్రైవేటు సంస్థ చూచుచున్నది. మేనేజరు టుడూయిస్ట్ అను పట్టికలో ఆంగ్లమున పని వ్రాయును. అది జాపియర్ అను లంకె ద్వారా గూగుల్ ట్రాన్స్‌లేట్‌ను చేరి, తెలుగై, ప్లంబరు, ఎలక్ట్రీషియను, వాచ్‌మన్‌ల ఫోనులలో కనబడును. మొన్న సాయంకాలము పంపుగది చెంత ప్లంబరు నన్ను ఆపి, ఫోను చూపించి, “సారూ, ఈ తెలుగు నాకు సమజైతలేదు, ఆ ఇంగ్లీషుల ఏమున్నదో జర చదివి చెప్పుండ్రి” అని అడిగెను. అతడు నల్లగొండ జిల్లావాడు, తెలుగు మాధ్యమములో పదవ తరగతి చదివినవాడు, ప్రతిదినము పత్రిక చదువువాడు. మూలములో నున్నది “బి బ్లాక్ ఓహెచ్‌టీ ఫ్లోట్ ఎగైన్” అను అయిదు ముక్కలు. పై ట్యాంకులోని ఫ్లోటు వాల్వు మరల చెడినదని వ్రాసినవాని యుద్దేశము; యంత్రము దానిని బి బ్లాకు మరల తేలుచున్నదను నర్థము వచ్చునట్లు మార్చినది. తన మాతృభాషలో వచ్చిన మాట బోధపడక, తనకు రాని భాషలోని మూలమును చదివి చెప్పుమని ఒక తెలుగువాడు అడుగవలసి వచ్చినది. ఆ మాట వ్రాసిన మేనేజరు గుంటూరువాడు; గొంతెత్తి పిలిచిన వినబడునంత దూరములో, తన గదిలోనే యున్నాడు.

పనుల పట్టిక స్వభావము చేతనే అసంపూర్ణమైన రచన. వ్రాసికొన్నవాడే చదువుకొనును గనుక అందు కర్త యుండడు, క్రియ యుండదు. ఏ చోటో, ఏ వేళయో, ఏ కారణముననో అంతయు అతని మనస్సులోనే నిలిచియుండును. అట్టి తునుకను యంత్రమునకు అప్పగించినచో, అది తనకు తెలియని సందర్భమును ఊహించి పూరింపవలసి వచ్చును. గూగుల్ వారు తెలుగును 2011 జూన్‌లో తమ యనువాద సేవలో చేర్చుకొనిరి; 2017లో, మాటలను ముక్కలుముక్కలుగా గాక వాక్యమునంతటిని ఒక్కమారుగా గ్రహించు న్యూరల్ పద్ధతి తెలుగునకు వచ్చిన పిదప, అనువాదము ఎంతయో మెరుగైనది. ఆ మెరుగంతయు నిండు వాక్యము అందినప్పటిది. వాక్యమే లేనిచోట దాని సామర్థ్యమునకు ఆధారమేమి గలదు?

ఈ లంకెకు యోగ్యమైన తావులు లేకపోలేదు. మా చుట్టుపట్ల లేచుచున్న భవనముల వద్ద ఒడిశా, బీహారు, ఝార్ఖండుల కార్మికులు పనిచేయుచున్నారు. బలాంగీరు, నువాపడా ప్రాంతముల కుటుంబములు ఏటేట తెలంగాణలోని ఇటుక బట్టీలకు వచ్చుచున్నవి. కరీంనగరు, నిజామాబాదు జిల్లాల నుండి గల్ఫునకు పోయిన మనవారు తమకు రాని భాషలలో ఆజ్ఞలు వినుచు దినములు గడుపుచున్నారు. ఏ పరంజా ఎక్కరాదో, ఏ స్విచ్చు ముట్టరాదో వారి వారి భాషలలో తెలుపు పట్టిక ప్రాణరక్షకమే యగును. మా మేస్త్రీలలో సగముమందికి మాతృభాషయైన ఒడియా గూగుల్ సేవలో 2020లో గాని చేరలేదన్నచో, ఇచ్చట చేయవలసినది ఇంకను ఎంత యున్నదో ఊహింపవచ్చును. అచ్చటనైనను రెండు భాషలు తెలిసినవాడొకడు చూచిన పిదపనే మాట పోవలెను.

లంకె కూర్చుటలోని కష్టము స్వల్పము. ఒక సంఘటన ట్రిగ్గరు, దాని ననుసరించి జరుగునది యాక్షను. 2011లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున పుట్టిన జాపియర్ యంతయు ఈ సూత్రము మీదనే నడచును. అనువదించుట యొక చర్య, ఫలితమును వ్రాయుట వేరొక చర్య. ఉచిత ఖాతాలో ఒక ట్రిగ్గరునకు ఒక చర్య మాత్రమే గనుక దీనికి సొమ్ము చెల్లింపక తప్పదు. అనువాదమును మరల అదే పట్టికలో వ్రాయించిరా, ఆ వ్రాత క్రొత్త పనిగా లెక్కకు వచ్చి, మరల ట్రిగ్గరై, అంతులేని చక్రము తిరుగును. కావున రెండు పట్టికలు వేరుగా నుంచుట ఈ విద్యలో మొదటి పాఠము. ఈ పాఠములన్నియు మా నిర్వాహకులు నేర్చిరి. లంకెను నడుమ నాపి, ఒక మనుష్యుని ఆమోదమునకై వేచియుండునట్లు చేయుట మాత్రము నేర్వలేదు. బెర్లినులో పుట్టిన ఎన్‌ఎయిట్‌ఎన్ అను అట్టి లంకె సాధనములో ఆ యేర్పాటు సిద్ధముగానే యున్నది. దానిని మన కంప్యూటరులోనే స్థాపించుకొని నడుపుకొనవచ్చును గూడ.

మన నగరముననే యంత్రానువాదమును గూర్చి లోతుగ తలపోసిన పండితులున్నారని ఎందరికి తెలియును? కాన్పూరు ఐఐటీలో ఆరంభమై, 1990 దశకములో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునకును, పిమ్మట ట్రిపుల్ ఐటీకిని తరలివచ్చిన అనుసారక అను ప్రయత్నము తెలుగునుండి హిందీకి దారి వేసిన తొలి పూనికలలో నొకటి. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ మున్నగువారు పాణినీయ వ్యాకరణ దృష్టిని కంప్యూటరునకు అన్వయించి 1995లో గ్రంథమే ప్రకటించిరి. యంత్రము వినసొంపుగా నుండు అబద్ధమును చెప్పరాదు. మూలములో నున్న సమాచారమును జారవిడువక చదువరికి అందింపవలెను. అర్థనిర్ణయములో చదువరికిని పాలుండవలెను: వారి పద్ధతికి ప్రాణమిది. ఆ పద్ధతిలో వెలువడిన వాక్యములు కొంత బిరుసుగా నుండినను, చదువువానిని గౌరవించెను. మా ప్లంబరునకు దక్కనిది ఆ గౌరవమే.

నా మనస్సును మిక్కిలి కలచుచున్నది వేరొకటి. ఏ లంకె చూచినను తెలుగు చివరి కొసనే యుండును; మొదటి కొసన ఎన్నడును ఉండదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దేశములో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లమంది. టుడూయిస్ట్‌లో “రేపు సాయంత్రం 5 గంటలకు” అని వ్రాసితిమేని అది గడువుగా గుర్తింపదు. డేనిష్, ఫిన్నిష్ భాషలలో వ్రాసినచో గుర్తించును. డీప్‌ఎల్ అను జర్మను అనువాద సేవ 2017లో ఏడు భాషలతో మొదలైనది. ఏడును ఐరోపా భాషలే. విదేశీయులు తమ విపణిని చూచుకొనిరి, వారిని నిందింపను. మన ప్రభుత్వముల మాటేమి? అధికార భాషా చట్టము 1966లో వచ్చినది. అయినను ఉత్తరువు ఆంగ్లమున పుట్టి, ఆలస్యముగ తెలుగై, ప్రజలకు అర్థము గాని రూపమున వెలువడుచునే యున్నది. యంత్రములు వచ్చిన తరువాత ఆ యాలస్యము తగ్గినది, అర్థము గాకుండుట తగ్గలేదు.

మేనేజరును సౌమ్యముగానే అడిగితిని: ఆ పని తెలుగులోనే వ్రాయరాదా యని. “చెప్పమంటే తెలుగులో చెప్తానండీ, టైపు చేయడమే రాదు” అనెను. ఆ యువకుడు ఇంజనీరింగు పట్టభద్రుడు. తెలుగు వ్రాయవలసి వచ్చినచో ఆంగ్ల లిపిలో, తనకు తోచిన వర్ణక్రమములో వ్రాయును. ఆ వ్రాత ఏ భాషయో పోల్చుకొనలేక అనువాద యంత్రము తరచు తడబడును. ఈ దోషము ఆతనిది కాదు, ఆతనికి చదువు చెప్పినవారిది. భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ విభాగము ఇన్‌స్క్రిప్టు కీబోర్డును 1986లో ప్రమాణముగా రూపొందించినది. ‘క’ తెలుగున ఏ మీట మీద నున్నదో హిందీలోను, ఒడియాలోను ఆ మీట మీదనే యుండును. ఒక భాషకు నేర్చిన వ్రేళ్ళు తక్కిన భాషలకును పనికివచ్చును. విండోస్ కంప్యూటర్లలో అది వెల లేకుండ నున్నది. మన పాఠశాలల కంప్యూటరు గదులలో పిల్లలకు పైథాను నేర్పుచున్నారు, స్లైడులు చేయుట నేర్పుచున్నారు. తమ భాషను తాము టైపు చేయుట మాత్రము నేర్పుట లేదు. ఎనిమిదవ తరగతి నుండి వారమునకొక్క గంట, ఒక్క సంవత్సరము చాలును. ఉభయ రాష్ట్రముల విద్యాశాఖలు వచ్చు జూన్‌లో బడులు తెరచునాటికి ఆ గంటను కాలపట్టికలో చేర్పవలెనని నా ప్రార్థన. ఉపాధ్యాయుల శిక్షణకు వేసవి సెలవులు ముందున్నవి.