గోల్ బజార్‌లో బేరం

బిలాస్‌పూర్‌లో రైలు దిగేనాటికి మా మామ్మకు ఒక్క హిందీ ముక్క రాదు. తాతయ్యకు లోకోషెడ్‌లో పని. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక మావాళ్లకు ఇటు రావడం సులువైంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పేరు ఎన్నిసార్లు మారినా మా ఇంట్లో అది ఇప్పటికీ బీఎన్‌ఆరే. క్వార్టర్ల చుట్టూ తెలుగే, గడప దాటనంతకాలం మామ్మకు లోటు లేదు.

గడప దాటితే బుధవారీ బజార్. మొదటిరోజు టమాటాల వైపు వేలు చూపిస్తే అమ్మేమనిషి "పతాల్" అందట. పాతాళం గొడవ ఇక్కడెందుకొచ్చిందా అని మామ్మ బిక్కచచ్చిపోయింది. ఛత్తీస్‌గఢీలో టమాటా పేరే అది. పక్కగంపలో ములక్కాడలు కనిపించాయి. "మునగా" అందామె. "మునగే!" అంది మామ్మ. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ మాట దగ్గర ఆమె గొంతు పెద్దదయ్యేది.

ఆ వారం మునగ, పైవారం పతాల్, ఆ తర్వాత చిల్లర లెక్కలు. పక్క క్వార్టర్ పిన్నిగారు, బొబ్బిలి వైపు మనిషే, బేరమాడుతుంటే వెనకే నిలబడి వినేది. ఊళ్లోకి వెళ్లి గోల్ బజార్ బట్టలకొట్టువాడితో ఒంటరిగా తగువేసుకోవడానికి రెండేళ్లు పట్టింది.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో రాసింది దాదాపు ఇదే. పాములంటే హడలిపోయేవాళ్ల మీద ఆయన పరిశోధన చేశాడు. పామును మెల్లమెల్లగా దగ్గర చేసి, చివరికి చేత్తో పట్టించినవాళ్లకే నమ్మకం బాగా కుదిరింది. మనం చేసి నెగ్గిన పనికి మించిన మందు లేదన్నాడు. మనలాంటి మనిషి చేస్తుంటే చూడటం దాని తర్వాత. భుజం తట్టి చెప్పే మాటలకు అంత బలం లేదు.

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో ఎక్కువగా అమ్మేది ఆ మాటల్నే. అద్దం ముందు నిలబడి నేను చేయగలను అనుకోమంటారు. అద్దం ఎదురు ప్రశ్న వేయదుగా! కన్యాశుల్కం గిరీశానికి ధీమా ఏం తక్కువ? తక్కువల్లా పనే.

మా మేనకోడలు ఇక్కడే పుట్టింది. హిందీలో అది వాదనకు దిగితే మా హైకోర్టు వకీళ్లు పక్కకు తప్పుకోవాలి. విశాఖలో ఇంటర్వ్యూ అనేసరికి మాత్రం గొంతు పూడుకుపోయింది. తన తెలుగు విని నవ్వుతారని భయం. నాకు ఆత్మవిశ్వాసం లేదు అని ఎవరన్నా నేను నమ్మనిది అందుకే. ఎక్కడ లేదు అని అడుగుతాను.

గోల్ బజార్‌లో మాట తడబడితే పోయేది పదో పరకో. ఆఫీసులో తడబడితే పైవాడు గుర్తుపెట్టుకుంటాడు. నా మొదటి ఉద్యోగంలో, తెలియనిది అడగడానికి సిగ్గుపడి తప్పుడు లెక్కతో ఫైలు పంపి, ఆర్నెల్లు తల వంచుకు తిరిగాను. కాబట్టి ధైర్యంగా ఉండు అని ఎవరికీ చెప్పను. తప్పు చవగ్గా పోయే చోటొకటి వెతుక్కోమంటాను.

పిల్లకు పార్వతీపురంలో ఉన్న మా పెద్దమ్మ నంబరిచ్చి, రోజూ సాయంత్రం కాసేపు తెలుగులో మాట్లాడమన్నాను. పెద్దమ్మ నవ్వుతుంది గానీ మార్కులు వేయదు. మొదటిరోజు పిల్ల మూడు నిమిషాలకే ఫోను పెట్టేసింది. నిన్న నేను చేస్తే గంటసేపు ఎంగేజ్. ఎట్టకేలకు ఎత్తి పెద్దమ్మ విసుక్కుంది: "తర్వాత చెయ్యరా. మీ ఊళ్లో మునగాకు ఎలా వండుతారో పిల్ల నాకు నేర్పుతోంది."

— బీఎన్‌ఆర్ మనవడు