డిస్క్ నిండిందని లాగ్స్ తుడిచేస్తున్నారా?

సర్వర్‌లో డిస్క్ నిండింది, అప్లికేషన్ ఆగిపోయింది. మీరైతే ఏం చేస్తారు? ఇంటర్వ్యూలో ఇలా అడిగితే ‘పాత లాగ్స్ డిలీట్ చేస్తా’ అనేస్తున్నారా? అయితే ఒక్క నిమిషం ఆగండి.

దేశంలో సైబర్ భద్రతను చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ సిస్టమ్స్ లాగ్స్‌ను 180 రోజులు భద్రపరచాలి. సైబర్ దాడిని గుర్తించిన 6 గంటల్లోగా సమాచారం ఇవ్వాలి. లాగ్సే లేకపోతే ఏం జరిగిందో ఎలా చెబుతారు?

జావా అప్లికేషన్లను నడిపే అపాచీ టామ్‌క్యాట్‌నే తీసుకోండి. దాని 9, 10 వెర్షన్ల డిఫాల్ట్ సెటింగ్స్‌లో రోజువారీ క్యాటలీనా లాగ్స్ 90 రోజులే ఉంటాయి. నిబంధన అడిగేది 180! ఆ అంకె మార్చాల్సింది సర్వర్ పెట్టినవారే. లినక్స్‌లో క్యాటలీనా డాట్ అవుట్ ఫైలు సంగతి వేరు. అది దానంతటదే రొటేట్ కాదు, పెరుగుతూనే పోతుంది. సర్వర్ నడుస్తుండగా దాన్ని తీసేసినా డిస్క్ ఖాళీ కాదు. ప్రాసెస్ ఆ ఫైలును ఇంకా తెరిచే ఉంచుతుంది మరి! లాగ్‌రొటేట్‌తో కంప్రెస్ చేసి, పాతవాటిని వేరే స్టోరేజీకి పంపడమే సరైన దారి.

ఇన్‌స్టలేషన్ ప్యాకేజీలదీ ఇదే కథ. 2021 డిసెంబరులో బయటపడ్డ లాగ్‌ఫోర్‌షెల్ లోపం లాగ్స్ రాసే లైబ్రరీలోనే ఉంది. తీవ్రత 10కి 10. అప్పుడు ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఆ లైబ్రరీ మన దగ్గర ఎక్కడెక్కడుంది?’ జాబితా ఉన్నవాళ్లకు అది చిటికెలో పని.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడాన్ని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు వదిలిపెట్టకుండా తవ్వడంతో గుట్టు రట్టయింది. ప్రాజెక్టు నిర్వహణలో ఉన్న వ్యక్తే దాన్ని చొప్పించడంతో సంతకం చూసినా తేడా తెలిసేది కాదు. అంటే చెక్‌సమ్, సంతకం తప్పనిసరే కానీ అవే సరిపోవు. ఏ మెషీన్‌లో ఏ వెర్షన్ ఉందో తెలియాలి, సర్వర్ తీరునూ గమనిస్తుండాలి.

ఇవి నేర్చుకోవడానికి కోచింగ్ అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లోనే టామ్‌క్యాట్ డౌన్‌లోడ్ చేయండి. చెక్‌సమ్, సంతకం సరిచూడండి. లాగ్స్‌కు 180 రోజుల గడువు పెట్టండి. ప్యాకేజీల జాబితా రాసుకోండి. ఈసారి డిస్క్ ప్రశ్న అడిగితే జవాబు ‘డిలీట్’తో మొదలుకాదు.