పాట వినకుండానే

అమెరికా పల్లెపాటల మీద 1995లో సియాటిల్‌లో ఒక పత్రిక పుట్టింది. పేరు 'నో డిప్రెషన్'. మనసు దిగులనుకునేరు, కాదు సుమండీ! 1930ల నాటి ఆర్థికమాంద్యం. స్వర్గంలో ఆ బాధ ఉండదని కార్టర్ కుటుంబంవారు 1936లో పాడిన పాట పేరది.

తాము రాసేది 'ఆల్టర్నేటివ్ కంట్రీ' గురించని అట్టమీద వేసి, పక్కనే బ్రాకెట్టులో 'అదేమిటో మరి' అన్న అర్థంలో ఓ ముక్క తగిలించారు. మన లాక్షణికుల్లో ఎవరికుందండీ ఇంత నిజాయితీ?

రేడియోవారు పక్కనబెట్టిన గాయకులకు ఇందులో పేజీలకు పేజీలు! జానీ క్యాష్ అంతటివాణ్ణే 1990లలో కంట్రీ రేడియో దాదాపు మరిచింది. 1998లో ఆయనకు గ్రామీ వచ్చింది.

పాట వినకుండా పాట గురించి చదవడమేమిటంటుంది మా ఆవిడ. విననివాళ్ల కోసమే కదా రాసింది!

ప్రకటనలు తగ్గి 2008లో అచ్చు ఆగింది. 2015లో పాఠకులే తలా కాస్త చందా వేసుకుని మళ్లీ అచ్చు వేయించారు.