అవ్వల పాటలు
దంపుడు బియ్యముతోఁబాటు దంపుడు పాటయు మన యిండ్లనుండి తొలఁగిపోయినది. మరబియ్యమువలన స్త్రీల చేతులకు విశ్రాంతి కలిగినది. అందులకు మేము చింతింపము. కాని రోఁకటిపోటుతోఁ బుట్టిన పాట, రోలు మూలఁబడిన పిమ్మట నిలుచుటెట్లు?

వ్రాసికొన్నవారుండిననే నిలుచును. 1920లో కాకినాడలో జన్మించి, 2019లో హ్యూస్టను నగరమునఁ గన్నుమూసిన వింజమూరి అనసూయాదేవియు, ఆమె చెల్లెలు సీతాదేవియు పల్లెజనుల పాటలను సేకరించి సభలలోను, మదరాసు రేడియోలోను పాడిరి. సంగీతము నేర్చినవారు పొలము పాటలు పాడుట చిన్నతనమని పలువురు తలఁచుచుండిన దినములవి.

ఇట్టి పనికి స్త్రీలే మిక్కిలి తగినవారని మా యభిప్రాయము. జోలపాటయు అప్పగింతల పాటయు ఆఁడువారి నడుమఁ బుట్టినవి. పండితుఁడు కలము పట్టి యెదుటఁ గూర్చున్నచో అవ్వ నోరు విప్పునా?

మన చీరాలలో కండెలు చుట్టు తల్లులును, చుట్టుపట్ల మిరపచేలలోఁ గాయలు కోయు కూలి స్త్రీలును కలరు. బాలికలారా, సెలవులలో వారియొద్దఁ గూర్చుండి, విన్న పాటను విన్నట్లే వ్రాయుఁడు. ఊరి పేరును, ఏ పనివేళఁ బాడుదురో అదియు ప్రక్కను గుర్తింపుఁడు. యాసను దిద్దవలదు. గ్రామదేవత పేరున్నదని మన క్రైస్తవ గృహములలోఁ గొందఱు పాటనే త్రోసివేయుదురు, అదియుఁ దగదు. పాఠశాల గ్రంథాలయమున బీరువాలో ఒక అర యిందులకై విడిచినఁ జాలును.