నవల చివర నాలుగు పేజీలు

గోన గన్నారెడ్డి అనగానే తెలుగువాళ్ల కళ్లముందు కదిలేది గుర్రం మీద దూసుకొచ్చే గజదొంగ. పైకి దోపిడీలు చేస్తూ లోలోపల రుద్రమదేవి సింహాసనానికి కాపు కాసిన వీరుడు. ఈ రూపం అడవి బాపిరాజు నవల ‘గోన గన్నారెడ్డి’ నుంచి వచ్చింది. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమా దాన్ని నవల పేరు కూడా వినని ఇళ్లకు చేర్చింది. రాతి మీద మిగిలిన గన్నారెడ్డి వేరు. 1294 నాటి రాయచూరు కోట శాసనంలో ఆయన కాకతీయుల సామంతుడు. ఆయన సేనాని విఠలుడు ఆదవాని, తుంబళం వంటి కోటలు గెలిచి, రాయచూరు కోటను కట్టించాడని 40 అడుగులు దాటిన ఒకే బండ మీద చెక్కిన ఆ తెలుగు శాసనం చెబుతోంది. అంత బండను బండి మీద పశువులతో లాగించిన దృశ్యం కూడా అక్కడ చెక్కి ఉంది. గజదొంగ ఊసు మాత్రం ఎక్కడా లేదు. బాపిరాజు చేసిన పని తప్పని ఎవరూ అనకూడదు. శాసనం ఒక పేరు, ఒక హోదా, కొన్ని విజయాలు ఇచ్చి ఊరుకుంది. ఆ మనిషి ఎలా మాట్లాడేవాడో, ఎవరి కోసం తపించాడో చెప్పలేదు. ఆ ఖాళీలోనే నవల పుడుతుంది. కానీ పుస్తకం మూసిన పాఠకుడికి ఏది రాతి మీద ఉందో, ఏది రచయిత మనసులో పుట్టిందో తెలుసుకునే దారి ఉండాలి. చారిత్రక నవల ప్రతి ఒక్కటీ చివర నాలుగు పేజీల్లో ఆ లెక్క చెప్పాలి. రచయిత మరిచిపోతే సంపాదకుడు అడిగి రాయించాలి. ఆ పేజీలు లేకుండా పుస్తకం అచ్చుకు వెళ్లకూడదు.

ఇందుకు ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది ఒక గొప్ప చారిత్రక నవలాకారుడి నుంచే వచ్చింది. పదిహేడో శతాబ్దపు మిలాన్ నగరాన్ని, అక్కడి ప్లేగును 1827లో తన నవలలో కళ్లకు కట్టిన ఇటలీ రచయిత అలెస్సాండ్రో మాంజోనీ, ఆ తర్వాత ఈ ప్రక్రియ మీదే నమ్మకం కోల్పోయాడు. 1850లో అచ్చయిన వ్యాసంలో ఆయన రెండు రకాల పాఠకుల ఫిర్యాదులను ఎదురెదురుగా నిలబెట్టాడు. నిజమేదో కల్పనేదో రచయిత చెప్పడం లేదని ఒకరి బాధ. చెబితే కథ ముక్కలవుతుందని మరొకరి బాధ. ఇద్దరి మాటా న్యాయమే కాబట్టి చారిత్రక నవల నిలబడే ప్రక్రియ కాదని ఆయన తేల్చాడు. తర్కం పదునైనదే. అయితే ఆ ఫిర్యాదులు రెండూ ఒకే చోట, కథ నడుస్తున్నప్పుడే తీరాలని ఆయన పట్టుబట్టినట్టుంది. కథ సాగుతున్నంతసేపు పాఠకుడికి మాయ కావాలి, ముగిశాక ఆధారం కావాలి. ఆ రెండు అవసరాలూ వేర్వేరు వేళల్లో పుడతాయి గనుక ఒకే పుస్తకంలో వేర్వేరు చోట్ల తీరుతాయి. స్కాట్లండు నవలాకారుడు వాల్టర్ స్కాట్ 1829 నుంచి తన నవలల కొత్త ముద్రణలకు పీఠికలు, వివరణలు జోడించాడు. వాటివల్ల ఆయన కథలు చప్పబడలేదు.

చరిత్ర మాత్రం అంత నమ్మదగినదా అని ఇంకొందరు అడుగుతారు. శాసనాలూ రాజులను పొగుడుతూ వేయించినవే కదా అంటారు. నిజమే, ఆ నాలుగు పేజీలు అవసరమయ్యేది అందుకే. రుద్రమదేవి సంగతే చూడండి. ఆమెను భర్త పోయాక రాజ్యమేలిన రాణిగా మార్కోపోలో రాశాడు. శాసనాల సాక్ష్యం ప్రకారం ఆమె గణపతిదేవుడి కూతురు, ప్రతాపరుద్రుడు ఆమె మనవడు. ఆమె పాలన 1295 దాకా సాగిందని ఒకప్పుడు చరిత్రకారులు భావించేవారు. తర్వాత నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆ లెక్క మార్చింది. రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే భటుడు భూదానం చేశాడని అందులో ఉంది. ఇద్దరూ అప్పటికే శివలోకం చేరారని అది చెబుతుంది. తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే వాళ్లు మరణించారన్నది చరిత్రకారులు చేసిన ఊహ. బలమైన ఊహే, కానీ శాసనంలో ఉన్న మాట కాదు. ఇలా శాసనం చెప్పింది ఒకటి, తర్వాతి వాళ్లు చెప్పుకున్నది ఒకటి, పండితులు తీసిన సారం ఒకటి, నవలాకారుడు కల్పించింది మరొకటి. చరిత్ర అనిశ్చితం కాబట్టి ఏం రాసినా ఒకటే అనడం ఈ మెట్లన్నిటినీ చదును చేయడమే.

చందుపట్ల శాసనం ఇంకో సంగతి కూడా తేటపరుస్తుంది. 1952లో కన్నుమూసిన బాపిరాజుకు దాని సంగతి తెలిసే అవకాశం లేదు. తనకు అందిన చరిత్రతో ఆయన రాశాడు. పాత నవల తర్వాతి పరిశోధనకు జవాబుదారీ కాదు. దాన్ని ఈనాడు మళ్లీ అచ్చువేసేవాళ్లు మాత్రం జవాబుదారీలే. మూలంలో అక్షరం కదపకుండా, చివర ఒక సంపాదకీయ వివరణ చేర్చడం వాళ్ల పని. కలియుగ కాలగణనను నమ్మి పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలు రాసిన విశ్వనాథ సత్యనారాయణతో చరిత్రకారులు ఏకీభవించరు. అయినా ఆయన తన నమ్మకాన్ని దాచలేదు, ఏ లెక్క మీద నిలబడి రాస్తున్నాడో పాఠకుడికి తెలుసు. ఆ నిజాయితీకి విలువ ఉంది.

సంపాదకుడి బాధ్యత ఆ చివరి పేజీలతో మొదలు కాదు, రాతప్రతి చేతికి రాగానే మొదలవుతుంది. ఓరుగల్లు వంటింట్లో పచ్చిమిరపకాయ కనిపిస్తే అక్కడ పెన్సిల్ ఆగాలి. మిరప మన నేలకు వచ్చింది పోర్చుగీసువాళ్ల ఓడల తర్వాత. రుద్రమ కాలంలో కారమంటే మిరియాలు, పిప్పళ్లు. టమాటా, వేరుశనగ, మొక్కజొన్న, పొగాకు కూడా అప్పటికి లేవు. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ, పంటలు మారితే పొలం మారుతుంది, వ్యాపారం మారుతుంది, పేదవాడి కంచం మారుతుంది. వీటికంటే పట్టుకోవడం కష్టమైనవి మనుషుల ఆలోచనల్లో దొర్లే పొరపాట్లు. పదమూడో శతాబ్దపు సామంతుడు ‘తెలుగు జాతి ఐక్యత’ గురించి ఉపన్యాసం ఇస్తే అది ఆంధ్రోద్యమ కాలపు గొంతు. ఆ ఉద్యమం పెంచిన తరం కాకతీయుల్లో తన కలను చూసుకుంది. అందుకే ఆ నవలలు వాటి కథాకాలానికి ఎంత సాక్ష్యమో చెప్పలేం గానీ, రాసిన కాలానికి మాత్రం గొప్ప సాక్ష్యాలు. పాఠకుడు వాటిని ఈ రెండు విధాలుగానూ చదవగలడు, ఎవరో ఒకరు ఆ చూపు అందిస్తే. ఆ పని సంపాదకుడిది. తెలుగులో చాలా పుస్తకాలు రచయితల సొంత ఖర్చుతో, ప్రూఫులు దిద్దేవాళ్ల చేతుల మీదుగా మాత్రమే బయటకు వస్తున్నాయి. ప్రశ్నలు అడిగే మనిషి మధ్యలో లేకపోవడం ఏ ప్రక్రియకైనా నష్టమే. చారిత్రక నవలకు ఆ నష్టం రెట్టింపు.

ఇన్ని ఆంక్షలు పెడితే ఊహకు రెక్కలు విరుగుతాయని రచయితలు భయపడతారు. అనుభవం దీనికి విరుద్ధంగా ఉంది. చివర చెప్పుకునే చోటుందని తెలిసిన రచయిత కథలో మరింత ధైర్యంగా కల్పించగలడు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ మనసులోకి నేరుగా దూరిన హిలరీ మాంటెల్ 2009లోనూ 2012లోనూ బుకర్ బహుమతి అందుకుంది. దొరికిన ఆధారాన్ని తోసేయకుండా, దొరకని చోట స్వేచ్ఛ తీసుకోవడం ఆమె పాటించిన పద్ధతి. మనకైతే మరో అవసరం కూడా ఉంది. చారిత్రక వ్యక్తుల కులం మీద, ప్రాంతం మీద సంఘాలు హక్కులు ప్రకటించుకుంటున్న రోజులివి. పుస్తకమే చదవకుండా కోపం తెచ్చుకునేవాళ్లను ఏ వివరణా ఆపలేదు. చదివి సందేహపడే పాఠకుడికి మాత్రం ఆ పేజీలు సమాధానం చెబుతాయి, రచయితకూ తాను ఎక్కడ నిలబడ్డాడో చెప్పుకునే వీలిస్తాయి.

డబ్బు దగ్గర ఆగాల్సిన పని కూడా లేదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లకు కాపీరైటు తీరిపోతుంది. బాపిరాజు రచనలు 2013 నుంచి అందరివీ. ‘గోన గన్నారెడ్డి’ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. తర్వాతి ముద్రణ వేయబోయే ప్రచురణకర్త శాసనాలు చదవగలిగిన ఒక చరిత్ర అధ్యాపకుణ్ని కూర్చోబెట్టి, రాయచూరు బండ మీద ఏముందో, చందుపట్లలో ఏముందో, నవలలో ఏది బాపిరాజు సొంతమో నాలుగు పేజీలు రాయించవచ్చు.