ఇల్లు గీసే హక్కు ఎవరిది?

మా వైపు యిల్లు కట్టాలంటే ముగ్గురు కావాలంటారు. ముహూర్తం పెట్టడానికి పంతులుగారు, గోడ లేపడానికి మేస్త్రి, కాయితం మీద సంతకం పెట్టడానికి ప్లానాయన. మొదటి యిద్దర్నీ వూళ్లో చిన్నపిల్లలు కూడా ఎరుగుదురు. మూడో ఆయన్ని చూసినవాళ్లు తక్కువ. ఆయన సంతకం మాత్రం ప్రతి ప్లాను మీదా వుంటుంది.

ఆ సంతకం పెట్టే హక్కు ఎలా వస్తుంది, ఎవరికి రాకుండా పోతోంది అన్న ప్రశ్న సైన్సు చదివే కుర్రాడికి ఎందుకంటారా? భీమిలి నుంచి విశాఖ దాకా రోడ్డు పొడవునా మన తండ్రుల పొలాలే లేఅవుట్లు అవుతున్నాయి కనుక. నిన్నటి జీడితోటలో ఇవాళ తెల్లరాళ్లు పాతి వున్నాయి. దున్నడానికి మా నాన్న ఎవర్నీ లైసెన్సు అడగలేదు. అదే మట్టిలో యిల్లు గీయడానికి మాత్రం అది కావాలి. కావలసిందే. కాని దాన్ని సంపాదించే దారి ఎవరికోసం వేశారన్నది చూడాలి కదా.

ఆర్కిటెక్టుల చట్టం మన దేశంలో 1972లో వచ్చింది. దాని కింద ఒక కౌన్సిలు ఏర్పడి, రిజిస్టరు పెట్టింది. ఇప్పుడు అయిదేళ్ల బి.ఆర్క్. చదివి ఆ రిజిస్టరులో పేరు రాయించుకున్నవాడే తాను ఆర్కిటెక్టునని చెప్పుకోవాలి. లేకుండా బోర్డు కట్టుకుంటే మొదటిసారి 500 రూపాయల దాకా జరిమానా అని ఆ చట్టంలో రాశారు. మళ్లీ అదే పని చేస్తే ఆరు నెలల దాకా జైలు. ఇందులో ఒక తమాషా వుంది. చట్టం కాపాడేది పేరునే గాని పనిని కాదు. నోయిడాలో ఉద్యోగాల పేర్ల మీద వచ్చిన ఒక తగాదాలో సుప్రీంకోర్టు 2020 మార్చి 17న యీ సంగతే తేల్చి చెప్పింది. రిజిస్టరులో లేనివాడు ఆ పేరు పెట్టుకోకూడదు, ఆ పని చేయకూడదని మాత్రం చట్టం అనలేదు అన్నది. మరి పనికి కంచె ఎవరు వేశారు? మునిసిపాలిటీలు, నగరాభివృద్ధి సంస్థలు. వాళ్లకు ప్లాను పెట్టాలంటే వాళ్ల దగ్గర లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుడి సంతకం కావాలి. ఆర్కిటెక్టులతో పాటు సివిలు ఇంజనీర్లకూ ఆ లైసెన్సు యిస్తారు. మన భీమిలికి 1861లోనే పురపాలక సంఘం వచ్చింది. ఇప్పుడది మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది.

1972 చట్టంలో చాలామంది గమనించని మాట ఒకటుంది. డిగ్రీ లేకపోయినా, అప్పటికి అయిదేళ్లకు తక్కువ కాకుండా ఆర్కిటెక్టుగా పని చేస్తూ వచ్చినవాళ్లను కూడా రిజిస్టరులో చేర్చుకోవచ్చన్నారు. అంటే అనుభవం కూడా చదువేనని మన పార్లమెంటు ఒప్పుకున్నది! ఒక్కసారి ఒప్పుకుని, ఆ తరం దాటాక తలుపు వేసేసింది. నా పేచీ అక్కడే.

మా మేనమామ తాపీ మేస్త్రి. పన్నెండో ఏట తట్ట మోశాడు, ఇప్పుడు ఏభై దాటాయి. తాడుకు మూడు, నాలుగు, అయిదు అడుగుల దగ్గర ముడులు వేసి మూల తిప్పుతాడు. పైథాగరస్ పేరు ఆయన వినలేదు, మూల మాత్రం వెంట్రుకవాసి తప్పదు. తూర్పుగాలి ఏ కిటికీలోంచి వచ్చి ఏ తలుపులోంచి పోవాలో స్థలంలో నిలబడి చెబుతాడు. అలాంటి మనిషి గీసిన గీతను ఎవరో ఒకాయన కంప్యూటరులో ఎక్కించి, స్థలం ముఖం చూడకుండా సంతకం పెట్టి డబ్బు తీసుకుంటాడు. మా చిన్నాన్న ఇంటికి జరిగింది అదే. "మరి నువ్వేటి అడగవా మావా?" అన్నాను. "గోడ నిలబడ్డాక కాయితం ఎవుడు సూస్తాడ్రా అల్లుడా, ఆడి కూడు ఆడిది" అన్నాడు. ఆయనకు కోపం లేదు. నాకుంది.

మేస్త్రికి అన్నీ తెలుసని నేననను. అలా అంటే నా చదువుకు అర్థం లేదు. మన తీరంలో ఉప్పుగాలి వుంది. ఉప్పులోని క్లోరైడు సిమెంటులోంచి మెల్లగా దిగి లోపలి యినుమును పట్టుకుంటుంది. తుప్పు పట్టిన చువ్వ వుబ్బి శ్లాబు పెచ్చులు వూడుతాయి. అందుకనే భారత ప్రమాణం ఐ.ఎస్. 456లో, చువ్వను కప్పే కాంక్రీటు మామూలు చోట 20 మిల్లీమీటర్లుంటే చాలునన్నవాళ్లు, కఠినమైన వాతావరణంలో 45 వుండాలన్నారు. మా మావకు యీ 45 సంగతి తెలియదు. నేను చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు కూడాను! ప్లాను మీద సంతకం పెట్టినాయన చెప్పవలసిన మాట అది. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న మన మీద పడ్డప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా వీధి రేకులు పొలాల్లో ఏరుకున్నాం. ఆ రేకుల షెడ్లు ఏ లైసెన్సూ ఎరగవు. మన తాతలు కట్టిన చుట్టిల్లు కూడా ఎరగదు గాని, దానికి గాలి ఎరుక వుంది. గుండ్రటి మట్టిగోడకు మూల లేదు, గాలి కొట్టడానికి బల్లపరుపు ముఖం లేదు, కప్పు చూరు నేలకు అందేటంత కిందికి దిగుతుంది. 1964లో న్యూయార్కులో ఆధునిక కళల మ్యూజియంవారు, ఆర్కిటెక్టులు లేకుండా పుట్టిన కట్టడాల మీద ఓ ప్రదర్శనే పెట్టారు. మనవాళ్లు మాత్రం చుట్టిల్లును పేదరికానికి గుర్తుగా చూసి వదిలించుకున్నారు.

ఇతర దేశాల సంగతి కొంచెం చూడండి. అమెరికాలో ఆర్కిటెక్టుకు లైసెన్సు మొదట పెట్టింది ఇల్లినాయ్ రాష్ట్రం, 1897లో. ఇవాళ్టికీ అక్కడ కొన్ని రాష్ట్రాల్లో, ఆర్కిటెక్చరు డిగ్రీ లేనివాడు ఎక్కువేళ్లు పనిచేసి చూపిస్తే పరీక్షకు కూర్చోనిస్తారు. జపానులో తదావో ఆందో అనే ఆయన కుర్రతనంలో బాక్సింగు చేశాడు, ఆర్కిటెక్చరు కాలేజీ మెట్లెక్కలేదు. ఆయనకే 1995లో ప్రిట్జ్‌కర్ బహుమానం వచ్చింది. మన దేశంలో పుట్టివుంటే ఆయన బోర్డు మీద ఏ పేరు రాసుకునేవాడో!

మన దగ్గరా మెట్లు బొత్తిగా లేవని కాదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2005లో సూపర్‌వైజరు అనే మెట్టు వుంది. సివిలు డిప్లొమా, పైన రెండేళ్ల అనుభవం వుంటే చాలు, 200 చదరపు మీటర్ల స్థలంలో రెండంతస్తుల దాకా యింటి ప్లాను వేయవచ్చన్నారు. 200 చదరపు మీటర్లంటే మన లెక్కలో అయిదు సెంట్లకు కాస్త తక్కువ. మన వూళ్లలో కట్టే యిళ్లలో చాలా భాగం ఆ లోపలే. ఈ మెట్టుకు కింద యింకొక మెట్టు వేయమంటున్నాను. పదిహేనేళ్లు తాపీ పట్టిన మేస్త్రికి తెలుగులో నోటి పరీక్ష పెట్టండి, పనిలో పరీక్ష పెట్టండి. పునాది, చువ్వ, కప్పు, తీరపు నియమాలు అన్నీ అడగండి. నెగ్గినవాడికి అయిదు సెంట్ల లోపు చిన్న యింటికి సంతకం యివ్వండి. తప్పినవాడికి నేర్పండి. దానివల్ల యిళ్లు కూలుతాయని భయపడేవారికి నాదొక ప్రశ్న. స్థలం చూడని సంతకంవల్ల నిలబడుతున్నాయా?

మనలాంటి పిల్లల మాట కూడా చెప్పాలి. బి.ఆర్క్.లో చేరాలంటే ఇంటరులో లెక్కలు చదివి వుండాలి, నాటా వంటి ప్రవేశ పరీక్ష రాయాలి. మా హైస్కూల్లో నాతో చదివిన నలభైమందిలో ఆ పరీక్ష పేరు విన్నవాడు లేడు. బొమ్మలు బాగా వేసే కుర్రాడొకడుండేవాడు. డాక్టరవ్వాలని ఇంట్లోవాళ్లు బైపీసీలో వేశారు, ఆ దారి అక్కడితో సరి. డిగ్రీ అయ్యాక నేను వెళదామన్నా మొదటి ఏడాది నుంచే అయిదేళ్లూ చదవాలి. ఏడాదికి ఒక పంట కోసే యింట్లో మరో అయిదేళ్లు అంటే చెల్లెలి పెళ్లి, బోరు అప్పు, రెండూ కళ్లముందు నిలబడతాయి. అయినా రాసి చూద్దామనే వుంది.

చట్టం మార్చడం మన చేతిలో లేదు, సరే. మన విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చరు శాఖ వుంది. అక్కడి అన్నలు, అక్కలు ఈ సెలవుల్లో నాలుగు ఆదివారాలు భీమిలి వైపు వస్తే, నేను మేస్త్రీలను పోగుచేస్తాను. ఉప్పుగాలి, చువ్వ కప్పు, తుపాను కట్లు, సముద్రానికి ఎంత దూరంలో కట్టవచ్చు అన్న సంగతులు నాలుగు కాయితాల్లో తెలుగులో రాసిపెడదాం. అచ్చు ఖర్చు యూనియన్ భరించాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాను. మా మావ మొదటి ఆదివారానికి వస్తానన్నాడు, పొద్దున్న ఎనిమిదింటిలోపు అయితేనే సుమా, తరవాత ఆయనకు శ్లాబు పని వుంది.